ఏ రోజు విడిపోయారు?

"ఏ రోజు విడిపోయారు?" న్యాయమూర్తి అడిగింది.

"మార్చిలో, మేడమ్," అన్నాడు సిల్వినో.

"అబద్ధం. నవంబరులో," అంది అతని భార్య ఇడలీనా, అతని వైపు చూడకుండానే.

పేచీ అంతా బాదం తోట గురించి. విడిపోయింది మార్చిలో అయితే, జూన్‌లో సిల్వినో తన జీతంతో కొన్న తోట అతనొక్కడిదే. నవంబరులో అయితే సగం ఇడలీనాది. కాలిఫోర్నియా చట్టం అంతే. ఆమె వాటా ఇవ్వాలంటే తోట అమ్మాల్సిందే. తోటతోపాటు అతను తలదాచుకుంటున్న రేకుల గదీ పోతుంది.

"ఇల్లు విడిచి వెళ్తే చాలదు. కాపురం ముగిసిందని ఆవిడకు తెలియాలి. చెప్పారా?" న్యాయమూర్తి సిల్వినోను అడిగింది.

"చెప్పాను. గుమ్మంలో నిలబడి 'వెళ్తున్నా' అన్నాను."

ఇడలీనా ఫక్కున నవ్వింది. "ముప్పయ్యేళ్ళుగా ట్రక్కు ఎక్కేముందు అదే మాట అంటాడు, మేడమ్. వారాల తరబడి రోడ్డు మీదే ఉంటాడు. ఇదీ అలాంటిదే అనుకున్నా."

"ఆ రోజు నా గొంతే వేరుగా ఉంది! నీకు తెలుసు!" సిల్వినో లేచి నిలబడ్డాడు. "తెలుసు కాబట్టే, మేడమ్, అన్ని నెలల్లో ఒక్క ఫోను చెయ్యలేదు. అంత పంతం! నేను ఫోను పక్కన పెట్టుకునే తిన్నాను, పక్కన పెట్టుకునే పడుకున్నాను. ఒక్కసారి రమ్మని ఉంటే..."

అతని లాయరు కోటు పట్టుకుని లాగాడు. అప్పటికే ఆలస్యమైంది; పిలిస్తే తిరిగొచ్చేవాణ్ణని, అంటే కాపురం ముగియలేదని, తనే ఒప్పుకున్నట్టయింది.

న్యాయమూర్తి ఇడలీనా వైపు తిరిగింది. "మరి మీకెప్పుడు తెలిసింది?"

"నవంబరులో చలి మొదలైంది. హీటరు వెలగలేదు. వచ్చి ఉంటే బాగుచెయ్యమందామని ఈయన గది తలుపు తీశాను. బీరువా ఖాళీగా ఉంది."

సిల్వినో మెల్లగా కూర్చున్నాడు. "అయితే... పంతం కాదా?" అన్నాడు.

"పంతం దేనికి?" అంది ఇడలీనా. నిజంగానే అర్థంకాక అడిగింది.



"అన్ని నెలలూ ఇంట్లో ఏదో వెలితిగా అనిపించలేదా, అమ్మా?" న్యాయమూర్తి అడిగింది. ఆ ప్రశ్న చట్టం కోసం అడిగినట్టు లేదు.

ఇడలీనా ఆలోచించింది.

"ఎందుకు అనిపించలేదు, మేడమ్? ఈయన మార్చిలో వెళ్తూ మా కుక్కను కూడా ట్రక్కు ఎక్కించుకుపోయాడు. అది కనపడక ఆ సాయంత్రమే ఏడుస్తూ ఊరంతా వెతికాను."