మైనస్ పద్నాలుగు

కృష్ణకుమారి ఫోన్ చేసేసరికి దామోదర్ బేస్‌మెంట్‌లో కోట్లు వేలాడే అల్మారాలో కూర్చుని ఉన్నాడు.

"విన్నాను బాబూ. బాగానే ఉంది. నా పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరో సౌండ్ తగ్గించినట్టుంది."

"అన్నీ ఒకే లెవెల్‌లో ఉన్నాయి ఆంటీ. మీటర్‌తో చెక్ చేశాను."

"మీటర్ ఏం వింటుంది నాయనా? శ్రీవిద్య పాటకి మా కిచెన్‌లో గ్లాసులు మోగాయి."

వాళ్ళుండే ట్రాయ్ ఊళ్ళో చలికి ఏడు నెలలు కోట్లు కావాలి. అల్మారా నిండా కోట్లుంటే గొంతు గోడకి తగిలి వెనక్కి రాదు. అందుకని నాలుగు పాటలూ అక్కడే రికార్డు చేశాడు. పాడింది కృష్ణకుమారి, శ్రీవిద్య, తార, దామోదర్ భార్య రేణు. తలా ఒకటి. గుడి వార్షికోత్సవం ఆదివారం. ఆ రోజు హాల్లో ఆ పాటలు వేస్తారు, నలుగురూ వేదిక మీద నిలబడతారు.

మిగిలింది మాస్టరింగ్. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైతే వినేవాడి చెయ్యి వాల్యూమ్ బటన్ మీదికి పోకూడదు. దామోదర్‌కి ఇది కొత్త కాదు. కార్ల కంపెనీలో అతని ఉద్యోగమే కారు లోపలి చప్పుడు కొలవడం. నాలుగు పాటల్నీ సౌండ్ కొలిచే మీటర్ మీద మైనస్ పద్నాలుగు దగ్గర నిలబెట్టాడు. ఫైల్ రేణుకి పంపాడు. పాడేవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో మగవాళ్ళు లేరు. అక్కడ ఏది పెట్టాలన్నా రేణునే పెట్టాలి.

కృష్ణకుమారి పెద్దావిడ. ఆమె పాట ఒక పాయింట్ పెంచి రెండో ఫైల్ పంపాడు. "ఇప్పుడు నా గొంతు వినబడుతోంది, దామోదర్‌కి థాంక్స్" అని ఆమె గ్రూప్‌లో రాసిందని రేణు చెప్పింది.

గంటలో శ్రీవిద్య ఫోన్.

"దామోదర్ గారూ, ఏమీ అనుకోకండి. ఆంటీ మాకంటే పెద్ద, కాదనను. అంతమాత్రాన నన్ను పక్కింట్లో నిలబెట్టి పాడించాలా?"

"మీ పాట ముట్టుకోలేదండీ."

"ముట్టుకోకపోతే ఎందుకు తగ్గింది?"

దామోదర్ శ్రీవిద్య పాట పెంచాడు. మూడో ఫైల్ వెళ్ళింది. తార ఫోన్ చేయలేదు. మెసేజ్ పెట్టింది: నా పాట తీసేయండి, మీ లెవెల్ ప్రాబ్లమ్ తీరిపోతుంది.

రేణు ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. ఆరేళ్ళ గ్రూప్ అది. తార పోతే శ్రీవిద్య పోతుంది, ఇద్దరూ ఒకే కార్లో ప్రాక్టీస్‌కి వస్తారు. శ్రీవిద్య పోతే కృష్ణకుమారిని తీసుకొచ్చేవాళ్ళు ఉండరు.

"ఆదివారానికి నేనొక్కదాన్నే మిగిలేలా ఉన్నాను," అంది.

"నాలుగోది చేస్తాను," అన్నాడు దామోదర్.

నాలుగోది చేశాడు. ఐదోదీ చేశాడు. హెడ్‌ఫోన్స్ మార్చాడు. కార్లో విన్నాడు, గరాజ్‌లో విన్నాడు, డిష్‌వాషర్ ఆన్ చేసి దాని పక్కన నిలబడి విన్నాడు. తార పెరిగితే కృష్ణకుమారికి తన పాట తగ్గేది. లంచ్ టైంలో వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకున్నాడు. చెవులు బాగున్నాయని కాగితం మీద రాసిచ్చారు. దాన్ని ఫ్రిజ్‌కి అంటించాడు.

"నువ్వు చెప్పు," అని రేణుని అడిగాడు. "వీళ్ళు వింటున్న తేడా నీకు తెలుస్తోందా?"

రేణు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నాకు అన్నీ ఒకేలా వినబడుతున్నాయండీ."

"నీకు పాడటం వచ్చు. వినడం రాదు."

"అవునేమో," అని ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

ఆరోది కూడా వెనక్కి వచ్చాక దామోదర్ మీటర్ ఆపేశాడు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ పని చేయలేదు. కళ్ళు మూసుకుని, చెవిని నమ్ముకుని, ఒక్కో చరణం దగ్గర ఒక్కో వెంట్రుకవాసి పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్నాడు. శనివారం పొద్దున ఏడో ఫైల్ రేణుకి పంపి, అల్మారాలోంచి బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

రేణు గ్రూప్‌లో రాసింది: ఇదే ఆఖరుది. ఆయన వారం రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

పావుగంట గడిచింది. ఫోన్ మోగింది. రేణు స్క్రీన్ అతనికి చూపించింది.

కృష్ణకుమారి: ఇప్పుడు కుదిరింది. నలుగురం పక్కపక్కన కూర్చుని పాడినట్టుంది.

శ్రీవిద్య: ఆంటీ పాటా వినబడుతోంది, నాదీ వినబడుతోంది. ముందే ఇలా చేసుంటే సరిపోయేది.

తార: రేపు ఏ రంగు చీరలు?

దామోదర్ మూడో మెసేజ్ దాకా చదివి వెనక్కి వాలాడు.

"చూశావా? మీటర్ పట్టుకోలేనిది చెవి పట్టుకుంది. ఆ ఏడోది గుడిలో సౌండ్ చూసే జితేందర్‌కి పంపు. చూసి పంపు, పొరపాటున మొదటిది వెళ్ళిందంటే రేపు హాల్లో నా పరువు పోతుంది."

రేణు ఫోన్ బల్ల మీద పెట్టి, అతని ముందుకి కంచం జరిపింది.

"ఏడోది నేనింకా తెరవనేలేదండీ, గ్రూప్‌లో ఏడుసార్లూ పెట్టింది ఆ మొదటిదే."