సెడర్‌బర్గ్ టీచర్ ఓటు

బ్యాలెట్ కాగితం ముడుచుకుపోకుండా ఒక మూల కాఫీ కప్పు, ఇంకో మూల నా స్క్రూడ్రైవరు పెట్టాం.

సెడర్‌బర్గ్ టీచర్‌కి ఎనభై ఆరు. చూపు నడిమధ్యలో మసక వచ్చేసింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే ఆవిడ ఆ మనిషి భుజం వైపు చూస్తారు.

ఇలినాయ్ రాష్ట్రం మోలీన్ ఊళ్ళో నాకు టైర్ల షాపుంది. ఏటా అక్టోబరులో టీచర్ ఇంటికి వెళ్ళి, కిటికీలకు చలికాలపు రెండో అద్దాలు బిగించి వస్తాను. పని పేరు అది. వెళ్ళేది ఆవిడ చేసే ఏలకుల రొట్టె కోసం.

ఈసారి రొట్టెతో పాటు, పోస్టులో వచ్చిన బ్యాలెట్ కూడా బల్ల మీద పెట్టారు.

"నువ్వు చదువు కర్ట్. నేను చెప్తా, నువ్వు నింపు. చూపు సరిగ్గా లేనివాళ్ళకి ఎవరైనా సాయం చెయ్యొచ్చట. కవరు మీద నీ సంతకం కూడా ఉండాలట."

"మధ్యాహ్నం జోలీన్ వస్తుందిగా టీచర్."

"మా అమ్మాయి ఒక్కో పేరుకీ ఒక్కో ఉపన్యాసం ఇస్తుంది. నీకైతే నోట్లో రొట్టె ఉంటుంది, మాట్లాడవు."

"నా షాపు ముందు ఏం బోర్డు పెట్టానో తెలుసా మీకు?"

"జోలీన్ చెప్పింది. 'కొత్త పన్ను వద్దు' అని. అక్షరాలు బానే రాశావట."

మొదటి ప్రశ్నే అది.

రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ ఒకే రేటున కాకుండా, ఎక్కువ సంపాదించేవాళ్ళ మీద ఎక్కువ వేసేలా రాజ్యాంగం మార్చాలా? అవును. కాదు. పక్కన రెండు చిన్న గుండ్రాలు.

చదివాను. గొంతు సవరించుకున్నాను.

"ఇవాళ పెద్దోళ్ళ మీద అంటారు టీచర్. రేపు నా దాకా వస్తారు. నది దాటితే వేరే రాష్ట్రం, ఐయోవా. మా బావమరిది ఇక్కడ షాపు ఎత్తేసి అవతల పెట్టాడు. నా కస్టమర్లు సగంమంది వాడి దగ్గరే."

"మీ బావమరిది నట్లు సరిగ్గా బిగించడు. తిరిగొస్తార్లే."

నవ్వొచ్చింది నాకు. ఆవిడ నవ్వలేదు.

"ముప్పై నాలుగేళ్ళు నా జీతంలోంచి పింఛనుకని నెలనెలా పట్టుకున్నారు. నేను కట్టాల్సింది నేను కట్టాను. ప్రభుత్వంవాళ్ళు కట్టాల్సింది వాళ్ళు కట్టలేదు. ఇప్పుడు ఖజానాలో లేదంటున్నారు. నాకు ఆ పింఛను తప్ప ఇంకోటి లేదు నాయనా."

"మీ పింఛను ఎవరూ తగ్గించలేరు టీచర్. రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. పదమూడో అధికరణం, ఐదో సెక్షన్."

ఆవిడ చేతిలో కప్పు ఆగిపోయింది.

మా ఇలినాయ్‌లో ఎనిమిదో తరగతి దాటాలంటే రాజ్యాంగం పరీక్ష పాసవ్వాలి. ఆ ఏడాది మా నాన్న షాపు గోడ నిండా సుద్దముక్కతో రాసుకుని, ట్యూబులకి పంక్చర్లు వేస్తూ బట్టీ పట్టాను.

యాభైకి నలభై తొమ్మిది. నా జన్మలో అంత మార్కు అదొక్కటే.

పక్క బల్ల టాడ్‌కీ నలభై తొమ్మిదే.

వాడిది చూసి రాశానని టీచర్ నా కాగితం మీద ఎర్రగా సున్నా వేసి, మళ్ళీ రాయమన్నారు.

రెండోసారి, ఆవిడ నమ్మాలని, తెలిసినవి కూడా పది తప్పు రాశాను. మొదటిసారి సరిగ్గా రాసిన ఆ సెక్షనుతో సహా. అప్పుడు పాస్ చేశారు. ఆ తర్వాత రెండేళ్ళకి బడి మానేసి షాపుకి వచ్చేశాను.

"అది నేను పరీక్షలో అడిగాను," అన్నారు టీచర్.

"అడిగారు."

కప్పు బల్ల మీద పెట్టారు ఆవిడ.

"టాడ్ తప్పు రాసింది ఆ ఒక్కటే."

నలభై ఏళ్ళ కిందటి కాగితాలు. నాది సరే, టాడ్ తప్పు కూడా ఆవిడకి గుర్తుంది.

ఇంకో రొట్టె నా పళ్ళెంలో పెట్టారు. తడుముకుంటూ వెన్న కూడా రాశారు.

"అవును నింపు," అన్నారు.

రెండు గుండ్రాల మధ్య వేలెడు దూరం కూడా లేదు. ఆవిడ నా భుజం వైపే చూస్తున్నారు.

అవును పక్కనున్న గుండ్రం నింపాను. అంచు దాటకుండా, తెల్లమచ్చ మిగలకుండా.

"నింపాను టీచర్."

"ఇంటికెళ్ళి నీది ఏం నింపుతావు?"

"కాదు."

"అయితే నీదీ నాదీ చెల్లుకు చెల్లు. నా రొట్టెలు దండగ."

మిగతా పేర్లన్నీ చదివాను. చెప్పినవన్నీ నింపాను. కవరు మీద సంతకం చెయ్యాల్సిన చోటికి ఆవిడ వేలు పట్టి చూపించాను. కింద నా పేరు రాశాను, అక్షరాలు విడివిడిగా.

అప్పుడే తలుపు తీసుకుని జోలీన్ వచ్చింది. కాగితం చూసింది, నన్ను చూసింది.

"ఎవరు నింపారమ్మా?"

"కర్ట్."

"ఏమనుకోకు కర్ట్. ఇప్పుడే నీ బోర్డు ముందు నుంచి వచ్చాను." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, అంటించేముందు నేనొక్కసారి చూడనా? నీ పింఛను సంగతి కదా."

నా చెవులు వేడెక్కాయి, ఎనిమిదో తరగతిలో వేడెక్కినట్టే.

టీచర్ కాగితం మడిచి కవర్లో పెట్టారు. అంచు నాలుకతో తడిపి, ఈ చివర నుంచి ఆ చివరదాకా బొటనవేలితో నొక్కారు.

"అక్కర్లేదే," అన్నారు. "అది కర్ట్ రాసిన కాగితం."