మిషన్ చెప్పిన సాక్ష్యం

“పది ఇరవైకి ఇంట్ల ఎవరున్నరు?”

పరశురాం పెళ్లాం ముందు కాగితం చాపాడు. కరుణ కుట్టుమిషన్ ఆపి తలెత్తింది. ఆమె ఛాతీకి అంటించిన వైర్లు నడుముకు కట్టిన చిన్న డబ్బాలోకి దిగి ఉన్నాయి. గుండె దడ అంటే, గుండె కొట్టుకునే తీరు రికార్డు చేసే ఈ మిషన్‌ను నిన్న సాయంత్రం నల్లగొండ దవాఖానలో కట్టి పంపారు. రెండు దినాలు తియ్యొద్దని, దడ వచ్చినప్పుడల్లా టైము రాయమని చెప్పింది డాక్టరమ్మ.

కాగితం మీద మూడు టైములున్నాయి. పది ఇరవై, ఒకటి అయిదు, నాలుగు నలభై.

“ఎవరుంటరు? నేనొక్కదాన్నే.”

“అబద్ధం! ఫోను మర్సిపోయి నేనొచ్చిన గదా. గప్పుడే వీరేశం గేటు కాడ చెప్పులేసుకుంటుండె.”

వీరేశం హాలియాలో చీరల దుకాణం గుమస్తా. ఫాల్ కుట్టమని కరుణకు చీరలు తెచ్చిస్తాడు. ఎప్పుడూ నవ్వు ముఖమే. ఆ నవ్వు పరశురాంకు కంట్లో నలుసు.

“చీరలిచ్చి పోయిండు.”

“ఒంటిగంటకు నేను బువ్వకొస్తే రెండు చాయ్ గ్లాసులుండె.”

“ఒకటి పక్కింటి సుగుణమ్మ తాగింది.”

“మరి నాలుగున్నర దాటినంక నేనొచ్చేసరికి వాడు గడపల నిలబడె! వాడొస్తెనే నీకు దడ. నీ చేతితోనే రాసినవ్. ఇంకేం సాక్ష్యం గావాలె?”

కరుణ తల వంచి మళ్లీ కుట్టుమిషన్ తొక్కసాగింది. పరశురాం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నువ్వు చెప్పకున్నా మిషన్ చెప్తది.”

మరునాడు అతను మోటార్ల వైండింగ్ దుకాణం తెరవలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గడప దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కరుణ నీళ్లు తెచ్చినా చూశాడు, బట్టలారేసినా చూశాడు. వీరేశం ఆ వైపే రాలేదు. నేనున్నననే రాలేదు దొంగ, అనుకున్నాడు.

మూడో రోజు డాక్టరమ్మ డబ్బా విప్పించి, కంప్యూటర్‌లో గీతలు చూసింది.

“మొన్న మూడుసార్లు గుండె బాగా ఉరికింది.”

పరశురాం జేబులో కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. “గీ టైములకే గదా, మేడం?”

“అవును, సరిగ్గా ఇవే.”

“ఇన్నవా?” అన్నాడు పెళ్లాం వైపు తిరిగి. అతని ముఖం గెలిచినవాడిలా వెలిగింది.

“కానీ నిన్నటిదే నాకు ఫికరుగా ఉంది,” అంది డాక్టరమ్మ. “పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దడ తగ్గనే లేదు.”

“నిన్ననా?” పరశురాం తెల్లబోయాడు. “నిన్న వాడు రానేలేదు గదా!”

డాక్టరమ్మ అతని వైపు చూడలేదు. “అసలు ఏమైందమ్మా? భయపడకుండా చెప్పు.”

కరుణ కొంగు వేలికి చుట్టుకుంది.

“మొన్న మా ఆయన మూడుసార్లు ఇంటికొచ్చిండు మేడం. నిన్న ఏడికీ పోలే.”