ఒకటే తలుపు

హిందూపురం షెడ్డులో లారీ మీద కట్టిస్తున్న ఇంట్లోకి శ్రుతి ఎక్కి, పరుపు వేసే చోట కూర్చుంది. "ఈడ కిటికీ పెద్దదిగా పెట్టన్నా. మంచుకొండలు పండుకొనే చూస్తా."

మేస్త్రి హజరత్‌వలి నవ్వి, కింద నిలబడిన ఆమె భర్త సురేంద్రను అడిగాడు. "డ్రైవర్ క్యాబిన్లోంచి లోపలికి దావ పెట్టల్నా అప్పా?"

"వద్దు. వెనక తలుపొకటే చాలు. గడియ బయటపక్క పెట్టు."

"లోపల?"

"లోపలేం వద్దు."

శ్రుతి నవ్వుతూనే అంది. "నేను లోపలుంటే ఎట్ల తీసేది?"

"పోయినసారి బత్తలపల్లి కాడ బండి ఆపితే దిగి మీ అమ్మోళ్లింటికి పోతివి కదా," అన్నాడు సురేంద్ర. "ఈసారి దిగలేవు."

ఆమె దిగబోయింది. సురేంద్ర మెట్టు మీద కాలు పెట్టి అడ్డంగా నిలబడ్డాడు. "కూర్చో. కొలతలు ఇంకా కాలేదు."

హజరత్‌వలి ఆమె వైపు చూడకుండా తలుపు కొలవసాగాడు.