పిలవని వలయం

గ్లెనిస్ గారూ,

ఈ సాయంత్రం మీ ఎదుట అడగలేక ఇంటికి వచ్చేశాను. రేపటికి ఈ ధైర్యం ఉండదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఏడాదిగా, ప్రకృతిని కొలిచే మీ విక్కా మతబృందం వెంట తిరుగుతున్నాను. ప్రతి పౌర్ణమికీ వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, పీకే కాళ్ళతోనే వచ్చి మీ పెరట్లో కట్టెలు మోశాను, కప్పులు కడిగాను. మీరంతా పూజకు వలయం కట్టే వేళకు ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. ఒక్కరూ ఉండమనలేదు.

కిందటేడు అందరినీ రానిచ్చిన పండుగనాడు, పుస్తకంలో చదివినట్టు మంట చుట్టూ కుడివైపుకు నడిచి మిమ్మల్ని ఢీకొన్నాను. "ఓసి పిచ్చిపిల్లా, అది ఇంగ్లండు సూర్యుడి దారే! భూగోళానికి దక్షిణాన ఉన్న మన టాస్మేనియాలో ఆయన ఎడమకి తిరుగుతాడు!" అని నవ్వారు. ఆ తప్పుకే దూరం పెట్టారనుకున్నాను.

అలసిపోయి ఇవాళ "ఇక రానండీ" అన్నాను.

"వెళ్తావా? నువ్వు అడుగుతావేమోనని ఏడాదిగా చూస్తున్నామే! మేం ఎవర్నీ చేరమని పిలవం తల్లీ. అడిగితేనే చేర్చుకుంటాం, మా పద్ధతంతే. నీకే ఇష్టం లేదనుకున్నాం" అన్నారు మీరు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. చెప్పేవాళ్ళు లేక అన్నీ పుస్తకాల్లోనే వెతుక్కున్నాను. మనిషిని అడగడం నాకు అలవాటు లేదు.

అడుగుతున్నాను. నన్ను చేర్చుకోండి. జూన్ ఇరవై ఒకటిన, ఇక్కడి శీతకాలపు పండుగలో మీతో నిలబడాలని ఉంది. వద్దనుకున్నా సరే, ఇరవైలోగా ఆ మాటే రాయండి.

టీగన్