ఆదివారం చార్జింగ్

“ఇది ఇంక చార్జింగుకు పెట్టేది కాదు పాపా,” అన్నాడు వీరభద్ర, కూతురిచ్చిన బ్యాటరీని వేలితో ఒత్తి చూస్తూ.

కూతురి డ్రోన్‌లో వాడే మూడు సెల్లుల లిథియం బ్యాటరీ అది. పలకలా ఉండాల్సింది పూరీలా ఉబ్బింది.

హర్షిణి మొహం చిన్నబోయింది. “ఈ ఒక్కసారికి పెట్టు నాయనా. వచ్చే ఆదివారం సంగతి మళ్లీ చూద్దాం.”

“ఉబ్బినదాన్ని పెడితే మంట లేస్తాది. నీళ్లు పోసినా ఆగేది కాదు ఆ మంట.”

అన్నాడే గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చాక అతని ప్రాణం ఉసూరుమంది. కర్నూలు పాతబస్తీలోని ఈ రిపేరు అంగడికి, పదో తరగతి చదివే కూతురు ప్రతి ఆదివారం వస్తోందంటే ఈ బ్యాటరీ పుణ్యమే. భార్య శ్రీవిద్య రెండేళ్లుగా కూతురితో సి.క్యాంపులో విడిగా ఉంటోంది. “పనుంటే పో. పని లేకుండా ఆ గడప తొక్కొద్దు,” అని కూతురికి ఆనాడే చెప్పేసింది. సరైన చార్జరేమో తండ్రి దగ్గరుంది. పైగా లిథియం బ్యాటరీని చార్జింగుకు పెట్టి ఎటైనా పోతామంటే కుదరదు, నిండేదాకా మనిషి పక్కనే ఉండాలి. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆదివారం వస్తే చాలు, వీరభద్ర మనసులోనే ఆయనకో దండం పెట్టుకునేవాడు. గంటలో నిండేదాన్ని, కరెంటు సగానికి తగ్గించి రెండు గంటలు చేసేవాడు. నిదానంగా ఎక్కితే బ్యాటరీకి మంచిదని చెప్పేవాడు. అది మరీ అబద్ధమేమీ కాదు లెండి.

ఆ రెండు గంటలూ టైల్సు ముక్క మీద బ్యాటరీ, పక్కన ఇసుక బకెట్, ఎదురుగా కూతురు. బడి కబుర్లు వింటూనే సందు మొదట్లో ఆగిన ఆటో వైపు చూపు పోనిచ్చేవాడు. అందులో శ్రీవిద్య కూర్చుని ఉండేది. దిగేది కాదు, తల తిప్పేది కాదు. జడ, కాస్త భుజం, అంతే కనిపించేవి. ఆ కాస్త కోసం వారమంతా కాచుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? “తిన్నావా?” అని ఆమె అడగ్గా విని రెండేళ్లయింది. ఒక్కసారి ఆ మాట వినాలని అతనికి ఎంత కోరికో.

“కొత్తది తెప్పిస్తా పాపా. నాలుగు దినాల్లో వస్తాది,” అన్నాడు.

“అమ్మ ఒప్పుకోదు. మీ నాయన దగ్గర కొత్తగా ఏమీ తీసుకోవద్దని చెప్పిండాది.”

అంతలో హర్షిణి ఫోన్ మోగి ఆగింది. తీసి చూసింది.

“అమ్మ మెసేజ్. ‘ఇంకా ఎంతసేపు’ అంటాంది.”

“ఏం చెప్తావు?”

“నువ్వే చెప్పు నాయనా. ఏం చెప్పాల?”

వీరభద్ర పని అడకత్తెరలో పోకచెక్క అయింది. పెడితే మంట. పెట్టకపోతే వచ్చే ఆదివారం కూతురు రాదు, సందు మొదట్లో ఆటో ఆగదు. కరెంటు ఇంకా తగ్గించి పెడితేనో? పక్కనే ఉంటాం కదా, ఇసుక ఉంది కదా. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ వద్దని చెప్పిన పనే, తన దగ్గరికొచ్చేసరికి చేస్తే ఏమవుతుందిలే అనిపించింది. వైర్లు తగిలించాడు. బటన్ మీద వేలు పెట్టాడు.

హర్షిణి ఎప్పటిలాగే స్టూలు ముందుకు జరుపుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బ్యాటరీకి జానెడు దూరంలో కూర్చుంది.

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. వైర్లు పీకేసి, బ్యాటరీని బకెట్లో పెట్టి పైన ఇసుక కప్పాడు. ఆ దుఃఖమంతా కోపమై కూతురి మీదికే మళ్లింది.

“చార్జర్‌లో చూస్తే ఒక్కో సెల్లు రెండున్నర వోల్టులకు పడిపోయిండాది. మూడుకు కిందికి పోనియ్యొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పినా? కడదాకా పీల్చేస్తే ఇట్లనే ఉబ్బుతాది. చార్జింగ్ తగ్గి కూత పెట్టగానే డ్రోన్ దించమంటే, ఆటలో పడి మరిచిపోతాండావు.”

హర్షిణి తల వంచుకుంది. “నేను ఎగరెయ్యడంలే నాయనా. డ్రోన్ మోటారు కాలిపోయి నాలుగు నెలలైంది.”

“నాలుగు నెలలా? నాకెందుకు చెప్పలా?”

“అమ్మే చెప్పొద్దనింది.”

వీరభద్రకు ఏమీ బోధపడలేదు. నాలుగు నెలలంటే పదహారు, పదిహేడు ఆదివారాలు. ప్రతిసారీ బ్యాటరీ ఖాళీగానే వచ్చింది.

“మరి ఎగరెయ్యకుండానే వారం వారం ఎట్ల ఖాళీ అవుతాంది?”

హర్షిణి ఆటో వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“అమ్మే నాయనా. ప్రతి శనివారం సాయంత్రం దానికి బల్బు తగిలించి, అది ఆరిపోయేదాకా చూసి, ‘చార్జింగ్ అయిపాయ, రేపు మీ నాయన దగ్గరికి పోదాం పా’ అంటాది.”