గుట్టెక్కిన సాక్ష్యం

పళ్ళ డాక్టరు గారి బంగారు జేబు గడియారం కొట్టేయడానికే పాత వస్తువుల వ్యాపారి సైకిల్ క్లబ్బులో చేరాడు. లేకపోతే వీధి చివరికి వెళ్ళాలన్నా కారు తీసే మనిషికి ఈ వయసులో బిగుతు నిక్కర్ల మీద మోజెందుకు పుడుతుంది?

డాక్టరు ఆ క్లబ్బుకి అధ్యక్షుడు. కొత్త సభ్యుణ్ణి ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. బీరువా తెరిచి తాతగారి గడియారం చూపించి, తాళంచెవిని తిరిగి పూలకుండీలో పడేశాడు. ఆ తర్వాత కోతలు మొదలెట్టాడు.

"ఆకులు రాలే కాలం రాగానే ఏటా పల్లెదారుల్లో సవారీ వెళ్తామండీ. మధ్యలో నిట్టనిలువు గుట్ట. ఇంతవరకూ మావాళ్ళలో ఒక్కడు కూడా దానిమీద సైకిలు దిగి నడవలేదు!"

పక్కనే డాక్టరు గారి భార్య తలూపింది. ఆవిడా సభ్యురాలే. అంటే సవారీ రోజున ఇల్లు ఖాళీ. వంటింటి కిటికీ గడియ ఊడి ఉండటం వ్యాపారి అప్పటికే చూశాడు. ఇక అడిగేవాడెవడు? ఒకవేళ అడిగినా, క్లబ్బు మొత్తం తన తరఫు సాక్షే.

ఆ రోజు రానే వచ్చింది. దారి పొడవునా ఎండుటాకులు చక్రాల కింద కరకరలాడుతున్నాయి. వ్యాపారి గుంపుకి తోకలా వేలాడి, వంతెన ముందు మలుపులో చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. ఆ వెర్రిబాగులవాళ్ళు గుట్టమీద రొప్పుతూ రోజుతూ ఉండే వేళకి, గడియారం అతని చొక్కా వెనక జేబులో టిక్కుటిక్కుమంటోంది.

కాలవగట్టు మీది అడ్డదారిన గుట్ట అవతలికి చేరి, టీ కొట్టు దగ్గర గడ్డివాము వెనక నక్కాడు. చెమట పట్టినట్టుండాలని సీసాలో నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాడు. కాసేపటికి గుంపు మలుపు తిరిగి వచ్చింది. అందరి చొక్కాలూ తడిసి ముద్దయి ఉన్నాయి. మెల్లగా వెనక చేరిపోయాడు.

ఇంతసేపూ ఎక్కడున్నావని ఒక్కరూ అడగలేదు. అసలు అతని మొహంలోకి చూసినవాళ్ళే లేరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం విన్నాం గానీ, ఇక్కడ ఊరంతా కళ్ళు మూసుకుంటే పిల్లి దర్జాగా తాగిందనుకుని మురిసిపోయాడు.

సాయంత్రం డాక్టరు గారి హాల్లో ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచి మాట్లాడాడు. చివరికి వ్యాపారి వంతు వచ్చింది. డాక్టరు ఓ మూల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పాపం, గడియారం దిగులు కాబోలనుకున్నాడు వ్యాపారి.

"మీరు సవారీలో చివరిదాకా ఉన్నారా?"

"ఎంత మాటండీ! డాక్టరు గారి వెనక చక్రానికి నా ముందు చక్రం రాసుకునేంత దగ్గర్లో తొక్కాను. ఆ గుట్ట ఉంది చూశారూ, ప్రాణాలు తోడేసింది! సగంలో డాక్టరమ్మ గారు కాస్త తూలితే, 'జాగ్రత్తమ్మా' అని అరిచింది కూడా నేనే. పైకెక్కాక అందరం ఆయాసంతో ఒకళ్ళ మీద ఒకళ్ళం వాలిపోయాం. కావాలంటే ఆయన్నే అడగండి."

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకుంటూ అటు తిరిగాడు. "చెప్పండి డాక్టరు గారూ. ఇందాక అందరూ నాకు చెప్పిందే, ఈయనకీ చెప్పండి."

డాక్టరు చెవులదాకా ఎర్రబడ్డాడు. తల ఎత్తకుండానే గొణిగాడు.

"మీరొక్కరైనా నిజంగా తొక్కుతున్నారనుకుని సిగ్గుతో చచ్చిపోయామండీ... ఏటా చేసినట్టే మేమంతా వంతెన దాటగానే సైకిళ్ళతో సహా లారీ ఎక్కేశాం, ఆ గుట్ట ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తెలీదు."